రంగుదారం

రెబెకాను పోయిన వారం గడప దగ్గరే నిలబెట్టి వచ్చేశాం. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా తిమ్మమ్మ, తిమ్మమ్మ చంకలో ఒక గుడ్డసంచి. ఆ సంచిలో ఏముందో ఇప్పటికీ చెప్పకపోతే చదివేవాళ్లు నన్ను బతకనివ్వరు. అయితే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ముందు సంగతులు నాలుగు ముక్కల్లో చెప్పి, తర్వాత సంచి విప్పుదాం.

గద్వాలలో జిరాక్సు షాపు పైన ఒక గది ఉంది. బయట 'యువతీ యువకుల వనరుల కేంద్రం' అని బోర్డు. లోపల రెండు బీరువాల పుస్తకాలు, చట్టాల కరపత్రాలు, ఒక పాత కంప్యూటరు, చప్పుడు రాకుండా గోడలకు కొట్టిన పాత దుప్పట్లు. ఆ గదిలో కూర్చునే రెబెకా ప్రతి శుక్రవారం పది నిమిషాల 'శుక్రవారం మాట' తయారు చేసి ఊళ్ల వాట్సాప్ గ్రూపులకు పంపుతుంది. హాస్టలు సీటుకు ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి కుదిర్చితే ఎవరికి ఫోన్ చేయాలి, ఠాణాలో అర్జీ తీసుకోకపోతే ఏం చేయాలి, ఇలాంటివన్నీ ఆడపిల్లల గొంతుల్లోనే చెప్పిస్తుంది.

మొన్న శుక్రవారం అందులో పదిహేనేళ్ల నిరోష మాట్లాడింది. ధరూర్ వైపు గోవిందు అనే రైతు విత్తనపత్తి చేలో క్రాసింగ్ పని, అంటే మగపువ్వును ఆడపువ్వుకు రుద్ది విత్తనం కట్టించే పని, చేసే పిల్ల. తొమ్మిదో తరగతి మధ్యలో మానిపించారు, మళ్లీ బడికి పోతానంది. ఎవరైనా వయసు అడిగితే పద్దెనిమిది అని చెప్పమని, కూలిపిల్లల్ని కుదిర్చి తెచ్చే మేస్త్రమ్మ నేర్పిందని కూడా అంది. రెబెకా ఆమె పేరు తీసేసింది, ఊరు తీసేసింది, గొంతు మార్చింది. ఇంత చేసినా శనివారం పొద్దుగూకేసరికి అది గోవిందు చేనే అని మండలమంతా తెలిసిపోయింది. ఎలా తెలిసిందో రెబెకాకు అంతుపట్టలేదు. మంగళవారం పదకొండింటికి గోవిందు భార్య తిమ్మమ్మ మెట్లెక్కి వచ్చింది.

ఇప్పుడు సంచి.

తిమ్మమ్మ లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, సంచి బల్ల మీద బోర్లించింది. పడ్డవి దారపు ముక్కలు. జానెడు జానెడు పోగులు, ఎరుపు, చిలకపచ్చ, వంకాయరంగు, మధ్యమధ్య జరీ తళుకు. బల్ల మీది మైకు సగం ఆ కుప్పలో మునిగిపోయింది. మూల కంప్యూటరు ముందున్న ప్రేమ్ కుమార్ చెవుల్లోంచి హెడ్‌ఫోన్లు తీసి చూస్తూ ఉండిపోయాడు. వనపర్తి నుంచి రోజూ బస్సులో వచ్చి రికార్డింగులు అతికే కుర్రాడు. గొంతులు మార్చడంలో మంచి చెయ్యి. దారాల సంగతి అతనికేం తెలుసు?

"గీ దారం ఎవరి చేన్ల గడ్తరో చెప్పు," అంది తిమ్మమ్మ.

రెబెకాకు ప్రశ్నే అర్థం కాలేదు. "అందరు గడ్తరు గద, పెద్దమ్మా. పొద్దుగాల మగపువ్వు రుద్దినంక, రుద్దిన పువ్వు గుర్తుండాలని కాడకు దారం గడ్తరు."

"దారం అందరు గడ్తరే. రంగుదారం ఎవరు గడ్తరు?"

రెబెకా కుప్పలోంచి ఒక ఎర్రపోగు తీసి చూసింది.

"మా పుట్టింటి పక్క మగ్గాలోళ్లు చీర కోసినంక పారేసే పోగులు నేను మూటగట్టి తెస్త," అంది తిమ్మమ్మ. ఆ మాటల్లో కోపంతో పాటు కాస్త గర్వం కూడా ఉంది. "సోమారం ఎర్రది, మంగళారం పచ్చది. కాయ నిలవకుంటే ఏ దినం రుద్దింది రాలిందో నాకు ఎరుకైతది. ధరూర్ నుంచి ఇటిక్యాల దాక తిరుగుపో. ఎవరి చేన్ల జూసినా తెల్లదారమే. నా ఒక్క చేన్లనే గిది. ఆ పిల్ల ఏమన్నది నీ ఫోన్ల? పచ్చదారం గట్టి గట్టి చేతి ఏళ్లకు రంగు దిగింది, అన్నం తింటుంటె గూడ పోతలేదు అన్నది. పేరు తీసేసినవ్, ఊరు తీసేసినవ్. గది ఎందుకు ఉంచినవ్?"

ఎందుకు ఉంచింది? ఆ మాట బాగుందని ఉంచింది. వింటుంటే కళ్లకు కట్టిందని ఉంచింది. కానీ అసలు కారణం వేరే ఉంది. రెబెకా పదకొండో ఏట నుంచి పదిహేనో ఏట దాకా ఐదు సీజన్లు అదే చేలో దారం కట్టింది. ఇంకో చేలో ఒక్క రోజు కూడా కట్టలేదు. ప్రపంచంలో క్రాసింగ్ అంటే రంగుదారమే అనుకుంది. నాగలికి కర్రు ఉన్నట్టు, బాయికి గట్టు ఉన్నట్టు, ప్రతి పత్తిచేలోనూ రంగుదారం ఉంటుందనుకుంది. పట్నం నుంచి వచ్చిన మనిషైతే ఒక్క మాట అడిగి తెలుసుకునేది. తెలుసు అనుకున్న మనిషి అడగదు కదా. అందుకే ఆ పిల్లను తీసుకెళ్లి తన చేతులతోనే జనం మధ్య నిలబెట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వైనా అడగాల్సింది," అన్నట్టు ప్రేమ్ కుమార్ వైపు చూసింది. అన్యాయమైన చూపు. అతను తల దించుకున్నాడు.

"అయిందేదో అయింది," అని తిమ్మమ్మ ఇప్పుడు కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. అరవై దగ్గరపడిన మనిషి, మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. "విత్తనాల కంపెనోళ్లు వచ్చి పోయిండ్రు. పద్దెనిమిది లోపలి పిల్లలు ఒక్కరున్నా వచ్చే సీజన్ల మాకు విత్తనం ఇయ్యం అన్నరు. మా ఆయన మూడు దినాల సంది మనిషిలెక్క లేడు. ఆ పిల్ల ఎవరో తెల్వాలె అని పట్టు బట్టిండు. తెల్సింది గూడ."

రెబెకా అడిగేసింది. "ఎవరు?"

"నాగన్న బిడ్డ అర్చన."

అర్చన. పదహారేళ్ల పిల్ల, ఆ గుంపులో అందరికంటే నోరున్న పిల్ల. మధ్యాహ్నం మొగ్గలు గిల్లేటప్పుడు నీళ్లు ఆలస్యమైతే గట్టు మీద నిలబడి అడిగే పిల్ల. అడిగే పిల్ల కనక చెప్పింది కూడా ఆ పిల్లే అయి ఉంటుందని లెక్క కట్టేశారు. రెబెకాతో ఆమె ఏనాడూ మాట్లాడలేదు.

"వాళ్ల అయ్య ఫోను గుంజుకున్నడు," అంది తిమ్మమ్మ, గొంతు తగ్గించి. "రెండు దెబ్బలు గూడ ఏసిండంట. రేపు పొద్దుగాల మేనమామ ఎంబడి పూణె పంపుతున్నడు, బిల్డింగు పనికి. ఇంగ ఈ దిక్కు రానియ్యడంట."

"అర్చన గాదు పెద్దమ్మా!"

మాట జారాక గానీ రెబెకాకు అది ఎక్కడికి దారి తీస్తుందో తెలియలేదు. తిమ్మమ్మ ముందుకు వంగింది.

"మరెవరు?"

ప్రేమ్ కుమార్ లేచి, టీ తెస్తానని గొణిగి, మళ్లీ కూర్చున్నాడు.

"చెప్పు పిల్లా. నేను కొట్టనీకి రాలే. ఆ మాటలు నేను మూడుసార్లు ఇన్న. మూడోసారి ఇన్నంక నాకు బువ్వ దిగలే. కానీ మొగోళ్ల కోపం ఎవరో ఒకరి ఇంటి మీద పడాలె, లేకుంటే గుంపుల ఉన్న పదకొండు పిల్లల ఇండ్ల మీద పడతది. ఒక్క పేరు చెప్పు. ఆ పిల్లకు దెబ్బ తగలకుంట నేను జూస్త."

నిజంగానే చూస్తుందేమో. తిమ్మమ్మ చెడ్డ మనిషి అయితే రెబెకాకు పని సులువయ్యేది. తలుపు చూపించి, ఫిర్యాదు రాసి, శుక్రవారానికి కార్యక్రమం చేసుకునేది. కానీ తను చేలో పనిచేసిన ఐదేళ్లూ ఉల్లిగడ్డ, జొన్నరొట్టె చేతిలో పెట్టిన మనిషి ఈమే. పేరు చెబితే అర్చన పూణె పోదు. చెప్పకపోతే పోతుంది. చెబితే నిరోష తండ్రి తిరుపతయ్య ఇంటికి గోవిందు బండి వెళ్తుంది, శుక్రవారం లోపల నాగర్‌కర్నూల్ హాస్టలు బడిలో చేరాల్సిన సీటు గాలికి పోతుంది. ఆ సీటు కోసం ప్రేమ్ కుమార్ నాలుగుసార్లు తిరిగాడు. వద్దు వద్దు అనుకుంటూనే రెబెకా ఇద్దరు పిల్లల్నీ మనసులో తూకం వేసింది. వేసినందుకు ఏడుపొచ్చింది.

"ఆ మాట నాది," అంది చివరకు.

తిమ్మమ్మ నవ్వింది. "నీకు ఇరవై నాలుగు. ఎవరికి చెప్తున్నవే?"

"అప్పుడు పదమూడు. నీ చేన్లనే. ఏళ్లకు రంగు దిగింది నాకు గూడ. నీకు యాదికుందా, ఒకనాడు మందు కొట్టిన తెల్లారే మమ్మల్ని సాళ్లల్ల దింపిండ్రు. నేను వాంతి జేస్కొని గట్టు మీద పడిపోయిన."

"యాది లేకేంది? మజ్జిగ నేనే తెచ్చిస్తి గదా."

"ఇచ్చినవ్. తాగినంక మళ్ల సాళ్లల్లకే పంపినవ్."

తిమ్మమ్మ ఒక పచ్చపోగు తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది.

"పద్నాలుగేండ్లకు నేను ఆ ఇంటికొచ్చిన," అంది. "బడికి పోతవా అని నన్ను ఎవరడిగిండ్రు? నేను మిమ్మల్ని అడగాలె అని నాకు ఎవరు చెప్పిండ్రు?" కోపంగా మొదలుపెట్టింది గానీ చివరికి వచ్చేసరికి ఆ కోపం నిలవలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ రైతు ఇల్లాలైపోయింది. "సరే. నీదే అంటున్నవ్ గద. నీ పేరు పెట్టి చెప్పు. ఇప్పుడే, నా ముందల. అది ఫోన్ల ఎయ్యి. నాగన్నకు నేనే ఇనిపిస్త, నీ బిడ్డ గాదురా అని. మా ఆయనకు గూడ. పాత ముచ్చట, పిల్ల పెరిగి పెద్దగై పట్నంల ఉన్నది, ఇంగ ఎవర్ని ఏం జేస్తరు?"

బేరం బాగానే ఉంది. ఇద్దరు పిల్లలూ బయటపడతారు, నింద తన మీద ఆగుతుంది. రెబెకా దారాల కుప్ప పక్కకు తోసి మైకు ముందుకు లాక్కుంది. ప్రేమ్ కుమార్‌కు సైగ చేసింది. అతను అడ్డంగా తల ఊపాడు. రెండోసారి సైగ చేస్తే రికార్డింగు మొదలుపెట్టాడు.

"నా పేరు రెబెకా. మా అమ్మ రాములమ్మ, మా నాయిన ఇస్రాయేలు. మొన్న మీరిన్న మాట నాదే. నేను పదకొండేండ్లప్పుడు పత్తిచేన్లకు పోయిన. పొద్దుగాల ఆరింటికి..." మాటలు వాటంతట అవే వచ్చాయి. ఇంతకాలం ఇతర పిల్లల గొంతులు సరిదిద్దిన మనిషి, తన సంగతి ఒక్కసారీ చెప్పుకోలేదు. చెబుతుంటే ఊపిరి తేలికైంది. ఆ తేలికలోనే జాగ్రత్త తప్పింది. నిరోష చెప్పినవన్నీ తన మీద వేసుకోవాలి కదా అని, "వయసు అడిగితే పద్దెనిమిది అని చెప్పమని మా మేస్త్రమ్మ నేర్పింది," అనేసింది.

"ఆగాగు," అంది తిమ్మమ్మ.

రెబెకా ఆగింది.

"అబద్ధం జెప్పనీకి గూడ జర ఎరుక ఉండాలె. నీ కాలంల మేస్త్రి జములమ్మ. అప్పుడు వయసు ఎవరడిగిండ్రు? తొమ్మిదేండ్లదైనా పన్లకు వస్తుండె. పద్దెనిమిది అని నేర్పుడు రెండేండ్ల సంది మొదలైంది, కంపెనోళ్లు వయసు రాసియ్యమని అడగబట్టినంక. జములమ్మకు కండ్లు కనబడక మానేసింది. కొత్త మేస్త్రి వచ్చింది. పిల్లల ఇండ్లకు పోయి తల్లులతోని మాట్లాడేది గామెనే, ఆటోల ఎక్కించి తెచ్చేది గామెనే, పద్దెనిమిది అని చదివిచ్చేది గామెనే." తిమ్మమ్మ రెబెకా మొహంలోకి చూసి ఆగింది. "నీకు నిజంగనే తెల్వదా?"

"ఏంది?"

"మీ అమ్మే గదనే."

అమ్మ మిర్పచేనుకు కలుపుకు పోతున్నానంది. రెండేళ్లుగా ఎప్పుడు ఫోన్ చేసినా మిర్పచేనే. 'శుక్రవారం మాట' మొదలైన రోజు అందరికంటే ముందు విన్నది అమ్మ. విని, నా బిడ్డ మాట్లాడుతుందని వాడంతా తిరిగి చెప్పింది. నిరోష మాట్లాడిన రోజు మేస్త్రి పేరు రెబెకా అడగలేదు. అవసరం లేని పేర్లు అడగకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. అడిగి ఉంటే ఆ పిల్ల ఏం చేసేది? 'మీ అమ్మే అక్కా' అని ఎదురుగా కూర్చుని చెప్పేదా? ఆ పిల్లకు తెలుసు. తెలిసే, మేస్త్రమ్మ అని ఊరుకుంది. పదిహేనేళ్ల పిల్ల తన పరువు కాపాడింది, తను ఆ పిల్లను కాపాడలేకపోయింది.

"అది గూడ చెప్పు మరి," అంది తిమ్మమ్మ. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, అదే ఎక్కువ బాధపెట్టింది. "నిజమే చెప్తమంటరు గద మీ ప్రోగ్రాంల. మా ఇంటి పేరు ఎట్లైనా బజార్ల పడ్డది. మీ అమ్మ పేరు జెప్తవా?"

ఫోన్ మోగింది. తెర మీద 'అమ్మ'.

రెబెకా ఫోను చెవి దగ్గర పనిచేయడం మానేసి రెండు నెలలైంది. ఏ ఫోనొచ్చినా గదిలో అందరికీ వినిపించాల్సిందే. అది కూడా ఆ క్షణాన గుర్తు రాలేదు. ఎత్తింది.

"బిడ్డా, నేను బస్సుల ఉన్న," రాములమ్మ గొంతు, వెనక ఇంజను రొద. "బీచుపల్లి వంతెన దాటి శానసేపైంది, పెబ్బేరు వచ్చినట్టున్నది. వనపర్తిల దిగి నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కుత. నిరోష నా పక్కల్నే ఉన్నది."

తిమ్మమ్మ చేతిలో పోగు ఆగిపోయింది. పేరు బయటపడింది. ఇక దాచడానికి ఏమీ లేదు.

"అమ్మా, నువ్వు..."

"నన్ను మాట్లాడనియ్యి. మొన్న ఇన్నప్పుడే తెల్సు నాకు. గొంతు మారిస్తే ఏమైతది? నా గుంపుల ఏ పిల్ల ఏడ ఊపిరి తీస్కుంటదో నాకు ఎరుకే. నాలుగు దినాలు ఊకున్న. పొద్దుగాల అర్చన ఏడుస్తుంటె ఇన్న. ఇంగ తట్టుకోలేకపోయిన. నీళ్లకని చెప్పి ఈ పిల్లను సాళ్లల్లకెళ్లి తోల్కొని వచ్చిన, నాగర్‌కర్నూల్ల సీటున్నదని ఈ పిల్లే చెప్పింది. నీ కాడికి వస్తే అందరు ఆడికే వస్తరని రాలే."

"నాకెందుకు చెప్పలే?" రెబెకా అరిచింది. "మిర్పచేను అన్నవ్ గదా! రెండేండ్లు!"

ఇంజను రొద. తర్వాత, "ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె బిడ్డా? నువ్వు పిల్లల్ని బడికి పంపమని ఫోన్ల చెప్తుంటివి. నేను పిల్లల్ని చేనుకు తోల్తుంటి. నీ మాట ఇనుకుంటనే తోల్తుంటి." రాములమ్మ ముక్కు చీది మళ్లీ అందుకుంది. "ఆ బడోళ్లు అడిగితే నేనే చెప్త. ఈ పిల్లకు పదిహేనే, పద్దెనిమిది అని చదివిచ్చింది నేనే అని. ఏలిముద్ర గూడ ఏస్త. నువ్వు నీ శుక్రారం దాంట్ల నా పేరు పెట్టు. పెట్టకుంటె నిన్ను ఎవ్వరు నమ్మరు."

రెబెకా రెండు చేతులతో మొహం కప్పుకుంది. తిట్టాలనీ ఉంది, వెళ్లి అమ్మను పట్టుకోవాలనీ ఉంది. ప్రేమ్ కుమార్ రికార్డింగు ఆపాలా వద్దా అని వేలు గాల్లో పెట్టి కూర్చున్నాడు. ఆపలేదు.

అవతల బ్రేకు పడింది. కండక్టరు ఏదో అరిచాడు. "పెబ్బేరు..." అని రాములమ్మ అంటుండగానే బస్సు తలుపు దగ్గర మగగొంతు లేచింది. ఆ గొంతు ఎవరిదో ఈ గదిలో ఇద్దరికి చెప్పనక్కరలేదు.

"రాములమ్మా! దిగు. పిల్లను దింపు. సాళ్లల్ల మీరిద్దరు కనబడకపోతిరి, బండేస్కొని బస్సు ఎంబడి వచ్చినం. వాళ్ల అయ్య బయటనే ఉన్నడు."

"దిగను పటేలా."

"దిగుతవా, గుంజమంటవా?"

"అత్తా, నన్ను ఇడువకు," అన్నది ఇంకో గొంతు, సన్నగా. మార్చకుండా, తీసేయకుండా, ఉన్నది ఉన్నట్టుగా నిరోష గొంతు.

"అమ్మా! అమ్మా, బస్సు దిగొద్దు!" రెబెకా ఫోనులోకి అరుస్తూనే ఉంది. అవతల ఎవరూ వినడం లేదు. జనం అరుపులు, గాజుల చప్పుడు. ప్రేమ్ కుమార్ తన ఫోను తీసి పోలీసులకు కలుపుతున్నాడు, కంగారులో రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు.

తిమ్మమ్మ లేచింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, రెబెకా చేతిలోంచి ఫోను తీసుకుంది. అడిగి తీసుకున్నట్టు లేదు ఆ తీరు. మొగుడి ముందు నలభై ఐదేళ్లలో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అని ఊరంతా చెప్పుకునే తిమ్మమ్మ, ఆ ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, కింది జిరాక్సు షాపులోకి వినిపించేంత గట్టిగా పిలిచింది.

"ఓ గోవిందూ!"

పెబ్బేరులో, రాములమ్మ చేతి ఫోనులోంచి ఆ పిలుపు వినపడేసరికి, బస్సులో గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. భార్య నోట తన పేరు పెళ్లయిన నాటి నుంచీ ఆయన వినలేదు.

"నేను తిమ్మమ్మను. ఆ పిల్ల చెయ్యి ఇడిసిపెట్టి, ముందుగాల నేను చెప్పేది ఇను."